బెజవాడ తీరికవేళలు

పట్టణాల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా కోటలతో ఆరంభించి పాలకుల పట్టికతో ముగిస్తారు. కోట లేని పట్టణమైతే వర్తకాన్ని గురించి, రాకపోకల మార్గాలను గురించి వ్రాస్తారు. అవి ముఖ్యమైన విషయాలే, కాదనము. అయినా ఆ పట్టణంలోని జనం పగలంతా పాటుపడి, ప్రొద్దు వాలిన తరువాత ఎక్కడ కూర్చున్నారు, ఏమి చదివినారు, ఏ పాట విన్నారు, వారి పిల్లలు ఎక్కడ ఆడుకున్నారు అనే ప్రశ్నలకు చరిత్రగ్రంథాలలో జవాబు అరుదుగా దొరుకుతుంది. మనిషికి పని ఎంత సహజమో తీరిక కూడ అంత సహజం. కావున ఒక ఊరి తీరికకు సైతం ఒక చరిత్ర ఉండి తీరాలి.

విజయవాడలో అందరూ వన్ టౌన్ అని పిలిచే పాతపట్టణాన్ని ఆధారంగా చేసుకొని, అవసరమైనచోట దాని పొలిమేర దాటి, ఆ చరిత్రను కొంత పరిశీలించవలెనని మా ఉద్దేశం. తోటలు, పఠనమందిరాలు, ఆటస్థలాలు, రంగస్థలాలు - వీటిని ఎవరు స్థాపించినారో గోడమీది శిలాఫలకం చెబుతుంది. తరువాతి ముప్పది, నలుబది సంవత్సరాలు వాటిని ఎవరు నిలిపినారో, ఎవరు నిర్లక్ష్యం చేసినారో ఏ ఫలకమూ చెప్పదు. ఆ రెండవ ప్రశ్నే పెద్దదని మేము భావిస్తాము.

మొదట ఈ ప్రాంతపు నైసర్గిక స్థితిని గుర్తు చేసుకోవాలి. పడమట ఇంద్రకీలాద్రి, దక్షిణాన కృష్ణవేణి, తూర్పున కాలువలు, వాటికి తోడు రైలు పట్టాలు. ఈ నడుమనే కొత్తపేట, తారాపేట, వించిపేట, ఇస్లాంపేట, బ్రాహ్మణవీధి మొదలైన పేటలు ఒకదానినొకటి ఒరుసుకొని పెరిగినవి. నేల విస్తరించే వీలు లేనిచోట ఇండ్లు కొండ ఎక్కినవి. ఈనాటికీ వేలాది కుటుంబాలు కొండవాలుమీద, మెట్లదారుల వెంట కాపురముంటున్నవి. అటువంటి ఊరిలో ఖాళీస్థలం అనేది బంగారం కంటె అరుదైన వస్తువు.

ఆర్థర్ కాటన్ దొర ప్రణాళిక ననుసరించి కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం 1852లో ఆరంభమై 1855లో పూర్తయినది. కాలువలు పారినవి, డెల్టా పండినది, పండినది అమ్ముకొనటానికి జనం బెజవాడకు వచ్చినారు. 1888 ఏప్రిల్ 1వ తేదీన బెజవాడ పురపాలకసంఘం ఏర్పడినది. ఇంచుమించు ఆ కాలంలోనే ఒకవైపు దక్షిణ మరాఠా రైలుమార్గం, మరొకవైపు నైజాం రైలుమార్గం ఇక్కడికి చేరినవి. 1901 జనాభా లెక్కలలో సుమారు 24 వేలు ఉన్న పట్టణం, 1951 నాటికి లక్షా 61 వేలకు, 2011 నాటికి పది లక్షల పైకి పెరిగినది. జనం నలుబది రెట్లు పెరిగినా, కొండ జరుగలేదు, నది తొలగలేదు.

క్రొత్తగా పుట్టిన పురపాలకసంఘానికి తోటల ఊసెత్తే తీరిక లేదనటంలో ఆశ్చర్యం లేదు. వీధిదీపాలు, మురుగుకాలువలు, మంచినీరు, మశూచి టీకాలు, కలరా భయం - వీటితోనే ఆనాటి పురపాలకసంఘాల ఆదాయం సరిపోయేది. ఇంటిపన్ను చెల్లించే గృహస్థు తన వీధిలో దీపం వెలుగలేదని ఫిర్యాదు చేస్తాడు కాని, తన పిల్లవాడికి ఆటస్థలం లేదని ఫిర్యాదు చేయడు. అడగనిదానికి పద్దు లేదు. ఈ సూత్రం ఆనాటిదే కాదు, ఈనాటిది కూడ.

అట్లని పురపాలకసంఘానికి ముందు ఈ ఊరివారికి వినోదమే లేదనుకొనరాదు. దసరా నవరాత్రులు ఉన్నవి. విజయదశమినాడు కృష్ణలో హంసవాహనంపై జరిగే తెప్పోత్సవం ఉన్నది. గుడి మండపంలో హరికథ, ఊరి బయట తోలుబొమ్మలాట, కూచిపూడి వైపునుండి వచ్చే భాగవతమేళాలు డెల్టా ప్రజలకు తరతరాల పరిచయం. కోస్తా పట్టణాలలో కసరత్తుకు, కుస్తీకి తాలింఖానాలు ఉండేవి. వీటన్నింటిలో ఒక సమానధర్మం కనిపిస్తుంది. గుడికి ధర్మకర్త, మేళానికి నాయకుడు, తాలింఖానాకు ఉస్తాదు - ప్రతి ఒక్కదానికి బాధ్యుడైన మనిషి ఒకడున్నాడు. గోదాలో మట్టి ఎవరు తడపాలో, దీపానికి నూనె ఎవరు పోయాలో అందరికీ తెలుసు. నేటి పార్కును గురించి ఇంత సూటిగా చెప్పగలవారు ఎందరు?

ప్రజల డబ్బుతో, ప్రజలందరికోసం తోట వేయటం అనే భావం లోకంలోనే క్రొత్తది. ఇంగ్లండులో లివర్‌పూల్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న బిర్కెన్‌హెడ్ అనే చిన్న పట్టణం 1847లో ప్రజాధనంతో ఒక ఉద్యానవనాన్ని తెరచినది. జోసెఫ్ ప్యాక్స్‌టన్ దాని రూపశిల్పి. తోట చుట్టూ ఉన్న స్థలాలను ఇండ్లకై అమ్మి, ఆ సొమ్ముతో తోట ఖర్చు రాబట్టుకొనవలెనని వారి ఏర్పాటు. 1850లో ఆ తోటను చూచిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే అమెరికను, తరువాత న్యూయార్కులోని సెంట్రల్ పార్కు నిర్మాతలలో ఒకడైనాడు. 1885లో బోస్టన్ నగరంలోని ఒక బీదపేటలో పిల్లల కోసం ఇసుక కుప్ప పోయించినారు. కనిపెట్టి ఉన్నవారు మొదట ఇరుగుపొరుగు స్త్రీలే. అమెరికాలో ఆటస్థలాల ఉద్యమం ఆ ఇసుకకుప్పతోనే మొదలైనదని చెబుతారు. ఇసుకకు అయిన ఖర్చు స్వల్పం; ఫలితమంతా కనిపెట్టి ఉన్న మనుష్యులవల్ల కలిగినది.

మన దేశంలో, మన జిల్లాలలో ఆ పని మొదట దాతలు, సంస్కర్తలు చేసినారు. 1890లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో పురమందిరం కట్టించినారు. బెజవాడలో, బందరు రోడ్డుమీద, విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సందర్భంలో 1887 జూన్ 27వ తేదీన ఒక ప్రదర్శనశాలకు శంకుస్థాపన జరిగినది. శంకువు వేసినవారు రాబర్ట్ సూయల్. విజయనగర సామ్రాజ్య చరిత్రను లోకానికి చాటిన గ్రంథకర్తగా ఆయన పేరు మనకు తెలిసినదే. పరిశ్రమల ప్రదర్శనకై పుట్టిన ఆ భవనం 1962లో పురావస్తు ప్రదర్శనశాలగా మారినది; నేడు బాపూ మ్యూజియం అని పిలువబడుతున్నది. పేరు మారినా, ప్రయోజనం మారినా, భవనం నిలిచినది. నిలువటానికి కారణం, ప్రతి తరంలోను దానికి ఏదో ఒక శాఖ యజమానిగా ఉండటమే.

ఈ చరిత్రలో మిక్కిలి గర్వింపదగిన ఘట్టం గ్రంథాలయోద్యమం. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసినది. 1914 ఏప్రిల్‌లో ఆ గ్రంథాలయం ఆదరవున ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారు అధ్యక్షత వహించినారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు దాని వెనుక ఉన్న చోదకశక్తి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే పుట్టినది. ఆ సంఘంవారు గ్రంథాలయాన్ని కేవలం పుస్తకాల అలమారగా చూడలేదు. చదువురానివారికి పత్రిక చదివి వినిపించటం, ఉపన్యాసాలు, పురాణ కాలక్షేపం, రాత్రిబడి, భజన - ఇవన్నీ గ్రంథాలయం పనులే అని వారు భావించినారు. నేటి భాషలో సామాజిక కార్యక్రమం అనే మాటకు అర్థం వెదకవలసివస్తే, అది అక్కడ దొరుకుతుంది.

కృష్ణా కాలువలు కేవలం పొలాలకే పారలేదు. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పెదవడ్లపూడి ప్రాంతపు కాలువమీద పడవ గ్రంథాలయం నడిచినది. పాఠకుడు పుస్తకం వద్దకు రాలేనప్పుడు పుస్తకమే పడవ ఎక్కి పాఠకుని రేవుకు వచ్చినది. ఇంత చక్కని ఊహ పుట్టటం ఒక ఎత్తు. వారం వారం పడవ నడపటం, ఇచ్చిన పుస్తకం తిరిగి రాబట్టటం, తడిసిన అట్టలు ఆరబెట్టటం మరొక ఎత్తు. ఊహించినవారే ఆ రెండవ పనిని కూడ తమ భుజాలమీద వేసుకొన్నారు. అందువలననే ఆ పడవ చరిత్రలోకి ఎక్కినది.

అయితే త్యాగబుద్ధి గల మనుష్యులు అన్ని కాలాలలోను ఉండరు. ఉన్నవారు వృద్ధులవుతారు. ఈ సత్యాన్ని గ్రంథాలయోద్యమం ముందుగానే గ్రహించినది. చట్టం కావాలని, పన్ను కావాలని ఆందోళన చేసినది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చినది. ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకం వసూలు చేసే పద్ధతి ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో అది రూపాయికి 8 పైసలు. ఈ 8 పైసలే మన చర్చకు కీలకం. గ్రంథాలయానికి తనదంటూ ఒక పద్దు ఉన్నది. పార్కుకు, ఆటస్థలానికి అటువంటి పద్దు లేదు. అవి పురపాలకసంఘపు సాధారణ నిధిలో, మురుగుకాలువలు, రోడ్లు అన్నీ వడ్డించుకొనగా మిగిలిన దానితో బ్రతకాలి. సుంకం ఉన్నంతమాత్రాన గ్రంథాలయాలు సుఖపడినవని కూడ చెప్పలేము. వసూలైన సొమ్ము సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరటంలేదనే మాట తరచుగా వినవస్తూనే ఉన్నది. అయినా అడగటానికి ఒక హక్కు ఉన్నది. తోటమాలికి ఆ హక్కు కూడ లేదు.

బెజవాడవారి సాయంకాలాన్ని మార్చివేసిన మరొక సంఘటన 1921లో జరిగినది. పోతిన శ్రీనివాసరావుగారు వన్ టౌన్‌లో మారుతీ సినిమాశాల స్థాపించినారు. ఆంధ్రప్రాంతంలో తొలి శాశ్వత చలనచిత్రశాల అదేనని ప్రతీతి. ఆ సంవత్సరమే మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం ఈ ఊరిలో జరిగినది, గాంధీమహాత్ముడు వచ్చినారు, పింగళి వెంకయ్యగారు పతాకాన్ని సమర్పించినారు. ఒకే సంవత్సరంలో ఒకే ఊరు రెండు రకాల జనసమూహాలను చూచినది. ఒకటి టిక్కెట్టు కొని చీకటి గదిలో కూర్చున్నది. మరొకటి ఏమీ చెల్లించకుండా ఆకాశం క్రింద నిలుచున్నది. మొదటిదానికి వ్యాపారం స్థలం చూపుతుంది. రెండవదానికి స్థలం చూపవలసినవాడు ఎవడు? ఊరుమ్మడి మైదానం లేని ఊరిలో ఊరుమ్మడి మాట కూడ ఉండదు.

రేడియోగల గృహాలవారికి ప్రీతికరమైన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. మన ప్రాంతంలో రేడియో ఇంటిలోకే కాదు, తోటలోకి కూడ వచ్చినది. మద్రాసు నగరపాలకసంఘం 1930లో తానే స్వయంగా ఒక ప్రసారకేంద్రం నడపనారంభించినది. మెరీనా తీరంలోను, కొన్ని ఉద్యానవనాలలోను ధ్వనివిస్తారక యంత్రాలు పెట్టి, సాయంవేళ సంగీతం వినిపించినారు. 1938లో ఆలిండియా రేడియోవారి మద్రాసు కేంద్రం ఆరంభమయ్యేవరకు ఆ ఏర్పాటు కొనసాగినది. అనగా, నగరపాలకసంఘం దృష్టిలో పాట కూడ వీధిదీపం వంటి ప్రజాసౌకర్యమే. 1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించి, రేడియో ముందు కూర్చున్న పిల్లలను ఆటపాటల మైదానంలోకి తీసుకొని వచ్చినారు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రం ప్రసారాలు ప్రారంభించినది. ఆ రోజులలో ఒక ఇంటిలో రేడియో ఉంటే అది ఆ వీధి అంతటికీ ఉన్నట్లే. అరుగుమీద పదిమంది, కిటికీవద్ద పదిమంది. అరుగులు తరిగిపోయిన తరువాత ఆ శ్రోతలు ఎక్కడికి పోవాలి?

స్వాతంత్ర్యానంతరం వన్ టౌన్‌కు లభించిన పెద్ద కానుక గాంధీకొండ. తారాపేటవద్ద, రైలుస్టేషనుకు ఎదురుగా నిలిచిన ఆ కొండను పూర్వం ఓర్ కొండ అనేవారు. దానిపై 52 అడుగుల గాంధీస్మారక స్తూపం నిర్మించి, 1968 అక్టోబరు 6వ తేదీన అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారి చేత ఆవిష్కరింపజేసినారు. స్తూపానికి తోడు గ్రంథాలయం, నక్షత్రశాల, కొండచుట్టూ తిరిగే పిల్లల చిన్నరైలు అక్కడ వెలసినవి. చదువు, వినోదం, విహారం, స్మరణ - నాలుగింటిని ఒకే కొండమీద కూర్చిన ఆ ఆలోచన మెచ్చదగినది. ఊరిలో సమతలం లేకపోతే కొండనే తోటగా చేసుకొనవచ్చునని అది నిరూపించినది.

మరి ఇటువంటి స్థలాన్ని నడపటం అంటే ఏమిటి? స్తూపం నిలబడి ఉంటుంది. రైలు అట్లా కాదు. దానికి పట్టా సరిచూడాలి, ఇంజను శుభ్రం చేయాలి, విరిగిన భాగం దొరికేదాకా పిల్లలకు జవాబు చెప్పాలి. నక్షత్రశాలకు యంత్రం తెలిసినవాడు కావాలి. యంత్రంతోపాటు ఆకాశం తెలిసినవాడు కూడ కావాలి. కొండమీదకు నీరు ఎక్కించాలి. రాత్రివేళ కాపలా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా జనం రావటం తగ్గుతుంది. జనం తగ్గితే ఆదాయం తగ్గుతుంది. ఆదాయం తగ్గితే మరమ్మతు ఆగుతుంది. మూతపడిన ప్రతి తోట వెనుక ఈ వలయమే ఉంటుంది. మూసివేయవలెనని ఎవరూ తీర్మానించరు. తెరవటం మరచిపోతారు, అంతే.

నదికి, కాలువకు దగ్గరగా, పట్టణ ప్రవేశంలో నగరపాలకసంస్థవారు పెంచిన రాజీవ్ గాంధీ పార్కు మరొక ఉదాహరణ. సంగీతానికి అనుగుణంగా ఎగిసే నీటిబుగ్గ అక్కడి ఆకర్షణ. బెజవాడ ఎండ సంగతి తెలిసినవారికి అటువంటి తోటను పెంచటంలోని కష్టం వివరించనక్కరలేదు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పంట ముగిసిన తరువాత, వేసవిలో, మరమ్మతులకై డెల్టా కాలువలు కట్టివేస్తారు. తోటకు నీరు అత్యధికంగా కావలసిన నెలలు కూడ అవే. రోహిణీకార్తెలో పచ్చిక బ్రతికి ఉన్నదంటే, ఎవరో ఒక తోటమాలి సూర్యోదయానికి ముందే నీరు పెట్టినాడన్నమాట. అందువలననే వేప, కానుగ, గంగరావి వంటి మన నేల చెట్లు నాటినచోట నీడ నిలుస్తుంది. కేవలం చూడముచ్చటకై తెచ్చిన మొక్కలు మొదటి వేసవిలోనే మాడిపోతాయి. ఇక నది సంగతి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల 10 వేల క్యూసెక్కుల వరద వచ్చినది. 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేలు దాటినది. ఆ వరదలో ఎగువనున్న భవానీద్వీపపు విహారస్థలం నీట మునిగినది. ఏటి ఒడ్డున వినోదం ఏర్పాటు చేసేవాడు మొదట ఏటిని చదువుకొనాలి.

1981లో విజయవాడ పురపాలకసంఘం నగరపాలకసంస్థ అయినది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఆ సవరణతో రాజ్యాంగానికి చేరిన పన్నెండవ షెడ్యూలులో, పట్టణ స్థానికసంస్థలకు అప్పగింపదగిన 18 అంశాలున్నవి. పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలు వాటిలో 12వది. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల అభివృద్ధి 13వది. ఈ అంశాలను అప్పగించే అధికారం రాష్ట్ర శాసనసభలది. అప్పగింత ఎంత ఉదారంగా జరిగితే పని అంత సాగుతుంది. అయినా 1888లో ఏ పద్దులోను లేని విషయం, రాజ్యాంగపు అక్షరాలలోకి ఎక్కటం చిన్న సంగతి కాదు. ఆ సవరణలోనే మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు సంఘాలు ఉండాలని కూడ ఉన్నది. దాని అవసరాన్ని గురించి చివర మనవి చేస్తాము.

ఆటస్థలాన్ని కాపాడటం కేవలం పాలకుల దయ కాదని, పౌరుల హక్కని న్యాయస్థానాలు కూడ చెప్పినవి. బెంగుళూరులో ఒక పేటలో పార్కుకై కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు వైద్యశాలకు ఇవ్వగా, ఆ పేటవారు దావా వేసినారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. వైద్యశాల మంచిదే, కాని ఒక మంచిపనికోసం మరొక మంచిపనికి ఉద్దేశించిన స్థలాన్ని తీసుకొనరాదు. ఆ తీర్పు సారాంశాన్ని ప్రతి పురపాలక కార్యాలయంలోను గోడకు వ్రేలాడదీయటం మంచిది.

విజయవాడవారికి ఈ సమస్య పుస్తకాలలోనిది కాదు. పి.డబ్ల్యు.డి. మైదానమని, స్వరాజ్య మైదానమని పేరుగల స్థలం బహుకాలం ఊరుమ్మడి వాకిలిగా ఉండేది. సభలు, ప్రదర్శనలు అక్కడే. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం చాలా సంవత్సరాలు జనవరి తొలిదినాలలో అక్కడే జరిగినది. 18 ఎకరాలు దాటిన ఆ స్థలంలో డాక్టరు అంబేడ్కరు స్మృతివనం నిర్మించి, 81 అడుగుల పీఠంపై 125 అడుగుల విగ్రహాన్ని 2024 జనవరి 19వ తేదీన ఆవిష్కరించినారు. పుస్తక మహోత్సవం వేరే మైదానాలకు తరలినది. ఆ మహనీయుని స్మారకం ఈ నగరానికి తగినదే. పుస్తకాలను ప్రాణంగా ప్రేమించిన ఆయన పేరుగల వనం చదువరులకు, సామాన్యులకు ఎంత విస్తారంగా తెరచి ఉంటే ఆయనకు అంత గౌరవం. కాని ఒక మైదానం రూపు మారినప్పుడు, అక్కడ అంతవరకు జరుగుతూ వచ్చిన సభలకు, సంతలకు, ఆటలకు మరొక చోటు చూపవలసిన ధర్మం కూడ దానితోపాటు పుడుతుంది. ఆ రెండవ ధర్మం ఆవిష్కరణ సభలో ఎవరికీ గుర్తుకు రాదు.

వన్ టౌన్‌కు తిరిగి వద్దాము. కాళేశ్వరరావు మార్కెట్టులో తెల్లవారుజామునుండి మూటలు మోసే ముఠాకూలీకి, దుకాణంలో నిలువుకాళ్ళపై ఉండే గుమాస్తాకు, కొండమెట్లమీద నీళ్ళబిందెతో ఎక్కిదిగే ఇల్లాలికి, చిన్న గదిలో నలుగురితో కలసి చదువుకొనే విద్యార్థికి పార్కు విలాసవస్తువు కాదు. పెద్ద ఇల్లు ఉన్నవారికి మిద్దె ఉన్నది, పెరడు ఉన్నది. ఇరుకింటివారికి పెరడు ఊరుమ్మడి తోటే. పఠనమందిరంలోని బల్ల వారి చదువుగది. ప్రజావినోదానికి పద్దు తగ్గించినప్పుడు నష్టపోయేది మొదట వారే. వారు ఫిర్యాదు వ్రాయరు గనుక ఆ నష్టం లెక్కలకు ఎక్కదు.

నేడు వినోదం అరచేతిలోని యంత్రంలోకి వచ్చినది. ఇంటిలో కూర్చున్నవారికి సమస్తం వినిపించే వృత్తిలో ఉన్న మేమే ఈ మాట చెప్పటం కొందరికి వింతగా తోచవచ్చును. రేడియో ఎన్ని పాటలైనా వినిపించగలదు కాని, ప్రక్కింటివారితో పరిచయం చేయలేదు. ఒక ఊరివారు ఒకరి ముఖం ఒకరు చూచుకొనే స్థలం వేరే ఉండాలి.

అందుచేత పాఠకులకు మా మనవి ఇది. వార్డు సమావేశం జరిగినప్పుడు, క్రొత్త పార్కు కావాలని అడిగేముందు, ఉన్న పార్కును గురించి నాలుగు ప్రశ్నలు అడగండి. తలుపు ఏ వేళకు తెరుస్తారు, ఏ వేళకు మూస్తారు? వేసవిలో నీరు ఎక్కడినుండి వస్తుంది? ఈ సంవత్సరం మరమ్మతులకు పద్దులో ఎంత వ్రాసినారు? దీనికి బాధ్యుడైన ఉద్యోగి ఎవరు? పూర్వం తాలింఖానాకు ఉస్తాదు ఎవరో వీధిలోని పిల్లవాడికి కూడ తెలిసేది. మన పేట తోటకు బాధ్యుడెవరో మన పిల్లలకు తెలిసిననాడు, ఆ తోట మరొక ముప్పది ఏండ్లు బ్రతుకుతుందని ఆశించవచ్చును.